పదకొండు నల్ల తీగలు

జమ్మలమడుగు,
జనవరి 10, బుధవారం

ఒరే అన్సర్,

నీ కాలు విరిగిన సంగతి నిన్న బస్టాండులో తెలిసింది. స్కూటరు మీద పోతుంటే వెనక లారీ ఎంత హారన్ కొట్టినా నీకు వినపడలేదట. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల హారన్లూ సైరన్లూ చెవి పక్కన పెట్టుకుని మోగించి చూశావు, చివరికి నీకు కావలసిన హారన్ ఒక్కటి వినపడకుండా పోయింది. కట్టు ఇంకా రెండు నెలలు ఉంటుందట గదా. మంచం మీద కూర్చుని మీ ఆవిడ మెహబూబున్నీసమ్మ మీద కేకలు వేయకు.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. అక్షరాలు కొట్టి పంపే ఫోను నా దగ్గర లేదు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చీటీలు పంపుకున్నవాళ్లం, అరవై దాటాక మళ్లీ ఆ పనికే దిగాము. ఈ కవరు ప్రొద్దుటూరు బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అట్లే పంపు.

నేను పీకల దాకా మునిగి ఉన్నాను. మా ఆవిడ అలివేలుకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయని నీకు తెలుసు. వారానికి రెండుసార్లు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి, యంత్రం మీద డయాలసిస్ చేయించాలి. ప్రొద్దుటూరులో ఖాళీ దొరకక పులివెందుల పోతున్నాము. పది గంటలకు మంచం మాది. ఆలస్యమైతే ఇంకొకరికి ఇస్తారు, వాళ్లనీ తప్పు పట్టలేము. ఆమె బస్సు ఎక్కలేదు. బాడుగ కార్లవాళ్లు రెండు వారాలు వచ్చి మానుకున్నారు. చూసి చూసి మా బావమరిది శ్రీవత్స తన పాత తెల్ల కారు నాకు ఇచ్చేశాడు. పద్దెనిమిదేళ్ల కిందట నువ్వు అలారం బిగించిన కారే అది.

ఆ అలారమే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. పొద్దున పూజ ముగించి, ఆమెను ఎక్కించి, తాళం తిప్పేలోగా సైరన్ అందుకుంటుంది. ఇంజను కదలదు. ఒకరోజు పావుగంట, ఒకరోజు ముప్పావు గంట. తర్వాత దానంతట అదే ఊరుకుంటుంది, బండి కదులుతుంది. నిన్న ఎదురింటి శివమ్మ గడపలో నిలబడి, "ఏంది స్వామీ, ప్రయాణం పూట మీ కారు ఇట్ల ఏడుస్తాంది? ఆయమ్మ ముందర ఇది శానా చెడ్డ శకునం" అనింది. అలివేలు విన్నది.

ఇక్కడి మెకానిక్కు మహేష్‌ను పిలిపించాను. బానెట్ ఎత్తి, నీ తీగలు చూసి, "పదకొండు తీగలుండాయి స్వామీ, పదకొండూ నలుపే. ఏది ఏందో ఆ బిగించినాయప్పకే తెల్సు. నేను ముట్టుకోను" అని బానెట్ దించేశాడు.

దాన్ని పీకి పారేయవచ్చా? ఎట్లా పీకాలి? నాకు దారి చూపించు.

నీ
దక్షిణామూర్తి

*

ప్రొద్దుటూరు,
జనవరి 13, శనివారం

ఒరే మూర్తీ,

ఉత్తరం అందింది. నేను కేకలు వేయడం లేదు, వేసినా నాకు వినపడదు కనుక వేయనట్టే లెక్క.

పీకేయడం అనే మాట ఎత్తకు. ఆ పెట్టె ఇంజను కరెంటు మధ్యలో కూర్చుని ఉంది. అది ఒప్పుకుంటేనే బండి కదులుతుంది. అన్నీ నల్ల తీగలు కావాలనే వేశాను, దొంగకు ఏది దేనిదో తెలియకూడదని. ఈ మూడు ఊళ్లలో నేను అలారం బిగించిన బండి ఒక్కటీ పోలేదు, పోలీసులే చెప్పేవాళ్లు. తెలియని చెయ్యి తప్పు తీగ కోస్తే తీగల కట్ట మొత్తం కాలుతుంది. మహేష్ ముట్టుకోకపోవడమే మంచిదైంది, బుద్ధిమంతుడు.

నేను అక్కడ ఉంటే సైరన్ మీద అరచెయ్యి పెట్టి రోగం చెప్పేవాణ్ని. ఇప్పుడు నాకు చేతులే చెవులు. నేను లేను కనుక నువ్వే నా చెయ్యి. ముందు రిమోట్‌లో బ్యాటరీ మార్చు. నాలుగు తలుపులూ, డిక్కీ ఒక్కొక్కటే గట్టిగా ఊపి చూడు, ఏది ఊపితే మొదలవుతుందో. సైరన్ తోక దగ్గర చిన్న తాళపు రంధ్రం ఉంటుంది, దాని తాళం శ్రీవత్స దగ్గర ఉంటుంది, అడిగి తెప్పించు. అది తిప్పితే కూత ఆగుతుంది గానీ ఇంజను మాత్రం కదలదు, ఆశపడకు. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ రోజు, ఏ వేళ, నువ్వు ఏం చేసిన తర్వాత కూస్తుందో రాయి. అలారం ఊరికే కూయదు.

వీటిలో ఏదీ కాకపోతే పెట్టె లోపలే తేడా. ముందు అద్దం కింద జాలీ ఉంది చూడు, ఎడమవైపు, దాని కింద దాచాను. పైన నల్ల రబ్బరు తొడుగు. నాలుగు స్క్రూలు. తీగల ప్లగ్గు నెమ్మదిగా లాగి, పెట్టెను గుడ్డలో చుట్టి బుధవారం బస్సుకు పంపు. శుక్రవారానికి ముందే తిరిగి పంపుతాను.

చెల్లెమ్మకు చెప్పు, ఆ కూత శకునం కాదు, నేను బిగించిన రెండు జానల తీగ. దానికి ఎవరి మంచీ చెడ్డా తెలియదు.

అన్సర్

*

జమ్మలమడుగు,
జనవరి 24, బుధవారం

ఒరే అన్సర్,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రిమోట్‌కు కొత్త బ్యాటరీ వేశాను. తలుపులు ఊపీ ఊపీ భుజం పట్టేసింది, ఒక్కటీ కూయలేదు. తాళం శ్రీవత్స పంపాడు.

వేళ అడిగావు గదా. పది రోజులు కాగితం మీద రాసి పెట్టాను. ఆదివారం లేదు, సోమవారం లేదు, బుధ, గురు, శనివారాలు లేవు. రోజంతా ఎండలో ఉన్నా నోరెత్తదు. మంగళవారం, శుక్రవారం, ఆమెను తీసుకుని బయలుదేరే ముందు మాత్రమే. ఇది నీ తీగల పనేనా? పంచాంగం తిరగేశాను. నా జాతకమూ, ఆమె జాతకమూ మళ్లీ వేసుకుని చూశాను. ఊరందరికీ ముహూర్తాలు పెట్టేవాణ్ని, నా ఇంటి గుమ్మంలో ఉన్న బండి ఎందుకు కదలదో నాకు తెలియడం లేదు.

నిన్న మంగళవారం గంటా పది నిమిషాలు ఆగిపోయాము. పులివెందుల చేరేసరికి పదకొండు దాటింది. వాళ్లు జాలిపడి మంచం ఇచ్చారు గానీ నాలుగు గంటలు చేయాల్సింది రెండున్నరకే ఆపేశారు. కాళ్ల వాపు దిగలేదు. "నా కోసం అంత తొందర పడొద్దండీ, కారుకు కూడా విసుగొచ్చినట్టుంది" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఏడుపు వచ్చింది, బానెట్ ఎత్తి అందులో తల పెట్టి కాసేపు నిలబడ్డాను.

పెట్టె పంపుతున్నాను. రేపు సాయంత్రానికి రాకపోతే శుక్రవారం ఆమెకు లేదు. నా దగ్గర ఇంకో దారి లేదురా.

దక్షిణామూర్తి

*

ప్రొద్దుటూరు,
జనవరి 25, గురువారం

మూర్తీ,

పెట్టె విప్పాను. లోపల తడి చేరి ప్లగ్గు పిన్నులు పచ్చబడ్డాయి. తడి ఉన్నంతసేపు పెట్టెకు మతి చెడి దొంగ వచ్చాడనుకుంటుంది, ఆరితే ఊరుకుంటుంది. పిన్నులు గీకి కడిగాను, పొయ్యి పక్కన ఆరబెట్టాను, గ్రీజు పట్టించాను. పాత రబ్బరు పగిలిపోయింది, సైకిల్ ట్యూబు కోసి కొత్త తొడుగు చేశాను.

దానికి నీళ్లు తగలనీయకు. ఏ నీళ్లైనా సరే.

ఇంకో మాట రాయాలనుకున్నాను గానీ బస్సు వేళ అయింది. తర్వాత రాస్తాను.

అన్సర్

*

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 7, బుధవారం

ఒరే అన్సర్,

నీ చెయ్యి చల్లగా ఉండాలి. పెట్టె బిగించిన మర్నాటి నుంచి నాలుగు ప్రయాణాలు చేశాము, నాలుగింటికీ సైరన్ నోరెత్తలేదు. కాళ్ల వాపు దిగింది. నిన్న వచ్చేటప్పుడు ముద్దనూరులో ఆపించి అరకప్పు కాఫీ అడిగింది. డాక్టరు నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు, అయినా ఇప్పించాను.

నీళ్ల సంగతి రాశావు. నేను కారు కడగను, వానలూ లేవు, ఆ దిగులు పెట్టుకోకు.

ఎల్లుండి శుక్రవారం అమావాస్య. మొదటిసారి కూసింది కూడా ఒక అమావాస్య ముందటి శుక్రవారమే, అందుకే మనసు పీకుతోంది. ప్రతి ప్రయాణానికీ చేసేదానికంటే ఆ రోజు వాహనపూజ ఘనంగా చేస్తాను. ఆమె పేరా, నీ పేరా రెండు టెంకాయలు కొడతాను. నీ కాలు కూడా తొందరగా అతకాలి గదా.

నువ్వు రాస్తానన్న ఇంకో మాట రాయనే లేదు.

దక్షిణామూర్తి

*

పులివెందుల,
ఫిబ్రవరి 12, సోమవారం

అన్సర్,

శ్రీవత్స ఇంటి నుంచి రాస్తున్నాను. అలివేలు ఆసుపత్రిలో ఉంది.

శుక్రవారం పొద్దున బండి బాగానే కదిలింది. ముద్దనూరు దాటాక ఆమెకు వాంతి వచ్చినట్టుందంటే పక్కకు ఆపి తాళం తీశాను. మళ్లీ ఎక్కి కూర్చునేలోగా కూత మొదలైంది. సైరన్ తాళం తిప్పి కూత ఆపాను. ఇంజను కదలలేదు. రిమోట్ నొక్కాను, బ్యాటరీ తీగ పీకి పెట్టాను, నీ పెట్టెను పిడికిలితో కొట్టాను. ఆరిన తర్వాత కదులుతుందని పైపంచెతో జాలీ తుడిచాను. ఇంకో పావుగంట, ఇంకో పావుగంట అని రెండు గంటలు పోగొట్టాను. అక్కడే నేను చెడ్డాను. వెంటనే దారిన పోయేవాణ్ని ఎవరినైనా ఆపి ఉండాల్సింది.

ఆమె కంపచెట్టు నీడలో కూర్చుని నన్ను చూస్తూ ఉంది. చివరికి సిమెంటు బస్తాల ఆటో అతను ఆపి, "ఏమప్పా, పెద్దామెను ఎండలో కూర్చోబెట్టుకుని ఏం చేస్తాండావు? ఎక్కించు" అని బస్తాలు జరిపి పడుకోబెట్టాడు. ఒంటిగంట దాటి చేరాము. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. రేపు పొద్దున మొదటి మంచం మీదే అన్నారు.

ఆ రేపు రాకముందే ఆమెకు ఊపిరి ఆడకుండా పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రెండు రోజులు గొట్టం వేసి యంత్రంతో ఊపిరి ఆడించారు. నిన్న గొట్టం తీశారు, కళ్లు తెరిచింది. సూది గుచ్చడానికని ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరం కలిపారు గదా, ఈ గొడవలో అది మూసుకుపోయింది. ఇక ఆ చెయ్యి పనికిరాదట. మెడ పక్కన గొట్టం వేశారు. దానితో ఎన్నాళ్లు నడుస్తుందని అడిగితే డాక్టరు చూద్దామన్నాడు.

నేనేం తప్పు చేశానో నాకు చెప్పు. పద్ధతి మార్చలేదు, మడి తప్పలేదు. కారు ముద్దనూరులో ఒకరి దొడ్లో పెట్టించాను. బతికి ఇంటికి వస్తే మళ్లీ దానిలోనే తీసుకుపోవాలి. రోజుకొక టెంకాయ కొడతాను, నలభై రోజులు దీక్ష పడతాను. ఇంకేం చేయాలో నువ్వైనా చెప్పు.

మూర్తి

*

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 14, బుధవారం

మూర్తీ,

టెంకాయ కొట్టకు. రోజుకొకటి కాదు, ఒక్కటి కూడా ఆ కారు మీద కొట్టకు.

ముందే రాయాల్సిన మాట ఇది. జనవరిలో పెట్టె విప్పగానే పిన్నుల మధ్య పసుపు కనిపించింది, కుంకుమ కనిపించింది. తెల్లటి పెచ్చు గీకి వాసన చూస్తే టెంకాయ నీళ్లు. నువ్వు రాసిన వారాలు గుర్తుకొచ్చాయి. బయలుదేరే ముందు బానెట్ మీద టెంకాయ కొట్టి, అద్దం మీద పసుపునీళ్లు చల్లి హారతి ఇస్తావు. ఆ నీళ్లు జాలీలోంచి నేరుగా నా పెట్టె మీదికి దిగుతాయి. గ్రహమూ లేదు, అమావాస్యా లేదు.

తెలిసి కూడా ఎందుకు రాయలేదంటే, భయపడ్డాను. పదేళ్ల కిందట సింహాద్రిపురం వైపు పెద్దమనిషి ఒకాయన కారుకు నిమ్మకాయలు కట్టిన ఇనుప తీగ హారన్‌కు తగిలి ఫ్యూజు పోతుంటే, ఆ తీగ తీయమన్నాను. "మా దిష్టి సంగతి నువ్వు చెప్తాండావా?" అన్నాడు. నలుగురిలో ఇంకా చాలా అన్నాడు. ఆ తర్వాత ఆ ఊరి బండి ఒక్కటి నా షాపు ముందు ఆగలేదు. ఆ రోజు నుంచి పసుపూ కుంకుమా కనిపిస్తే తుడిచి ఊరుకోవడం అలవాటైంది. నువ్వు ఆ కారుకు పూజ చేసేది చెల్లెమ్మ ప్రాణం కోసం. అది మానమని నేను ఎట్లా రాయాలి? నీళ్లు అని రాశాను, నీకు తెలుస్తుందిలే అనుకున్నాను.

నీ అమావాస్య ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. రెండు టెంకాయలని చదివాను. మీ ఊరి చివరి బస్సుకు ఇంకా నాలుగు గంటలు ఉంది. రాశాను. చదువుకుని, నీ ముఖం తలచుకుని చించేశాను. సైకిల్ ట్యూబు ఆపుతుందిలే అనుకున్నాను. ఆ నాలుగు గంటలు ఇప్పుడు నన్ను తినేస్తున్నాయి.

రెండో తప్పు ఇంకా నీచం. పెట్టెతో పని లేకుండా ఇంజను నడిపే దారి మొదటినుంచీ ఉంది. నీకు చెప్పలేదు. కాగితం మీద రాస్తే ఆ రహస్యం మెకానిక్కులందరికీ పోతుందనుకున్నాను. చెవులు పోయాయి, కాలు పోయింది, ఆ నల్ల తీగల పేరొక్కటే నాకు మిగిలిందనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. బ్యాటరీ తీగ ముందు తీసెయ్యి. పదకొండు తీగల్లో తొమ్మిది సన్నవి, రెండు లావు. కంటికి తెలియదు, వేళ్ల మధ్య నలిపితే తెలుస్తుంది. ఆ రెండూ కోసి, కారు వైపు కొసలు రెండూ కలిపి గట్టిగా మెలిపెట్టి టేపు చుట్టు. మిగతా తొమ్మిదీ కోసి వేరువేరుగా టేపు వేయి. సైరన్ పీకి పారెయ్. పెట్టె కూడా పారెయ్.

నీకు మహేష్ సాయం కావాలంటే ఈ కాగితం అతనికి చూపించు. ఊరందరికీ చూపించినా సరే.

చెల్లెమ్మ ఎట్లుందో ఒక్క ముక్క రాయి. నా మీద కోపంతో అయినా రాయి.

అన్సర్

*

పులివెందుల,
మార్చి 5, మంగళవారం

అన్సర్,

మూడు వారాలు నీకు రాయలేదు. రాయకూడదనే రాయలేదు.

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. టెంకాయ కొట్టొద్దన్నందుకు కాదు నాకు మండింది. బడిలో ఒకే చెంబుతో నీళ్లు తాగాము, మా నాన్న పోతే దహనానికి కట్టెలు నువ్వు మోసుకొచ్చావు. అట్లాంటిది నన్ను తీసుకెళ్లి ఆ సింహాద్రిపురం పెద్దమనిషి పక్కన నిలబెట్టావు. నన్ను అడిగి చూసి ఉంటే, నేను తిట్టి ఉంటే, అప్పుడు నిలబెట్టాల్సింది. ఈ మాట నీ ముఖం మీదే అనాలని రోజూ లోపల పెంచుకుంటూ వచ్చాను.

అయితే నా సంగతి నీకు తెలియదు. జనవరిలో నీ పెట్టెను తిరిగి బిగించేటప్పుడు జాలీ కింద వేలు పెట్టాను. వేలు పచ్చగా వచ్చింది. పెట్టె కూర్చునే చోటంతా పసుపు గడ్డకట్టి ఉంది. ఏ నీళ్లైనా సరే అని నువ్వు రాసింది ఎందుకో ఆ క్షణమే తెలిసిపోయింది. పైపంచెతో తుడిచాను. తుడిచి, మర్నాడు పొద్దున మళ్లీ టెంకాయ కొట్టాను.

నేను కారు కడగను అని నీకు రాసింది తెలిసి రాసిన అబద్ధం. ఈ ఊళ్లో ముప్పై ఐదేళ్లుగా కొన్న ప్రతి ట్రాక్టరుకూ, ప్రతి లారీకీ నేనే పూజ చేశాను. ఇది చేస్తే బండి మిమ్మల్ని కాపాడుతుందని ప్రతివాడికీ నా నోటితో చెప్పాను. నా భార్య ఎక్కే బండికి నేనే మానేస్తే, ఆ చెప్పినదంతా ఏమవుతుంది? ఒకవేళ మానేసిన రోజే ఆమెకు ఏదైనా అయితే? కొడితే బండి ఆగుతుంది, మానితే దేవుడి కాపుదల ఆగుతుంది, ఈ రెంటి మధ్య రెండు టెంకాయలు కొట్టాను. నువ్వు నాకు భయపడి దాచావు, నేను దేవుడికి భయపడి దాచాను. ముద్దనూరులో చెట్టు కింద కూర్చున్నది మాత్రం ఆమె.

పోయిన శనివారం ఆమెను ఇంటికి తీసుకుపోయాము. నిన్న కారును ముద్దనూరు నుంచి తెప్పించి, మహేష్‌ను పక్కన పెట్టుకుని నీ తీగలు కోశాను. లావు తీగలు రెండూ నా వేళ్లకే దొరికాయి. "మా వాళ్లెవరికీ చెప్పన్లే స్వామీ, ఆయప్ప రహస్యం ఆయప్పదే" అన్నాడు మహేష్. నీకు చెప్పమన్నాడు, చెబుతున్నాను.

ఈ పొద్దున ఆమెను ఎక్కించి తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆమె బానెట్ వైపు చూసి, "టెంకాయ మరిచిపోయారా?" అంది. మెడ దగ్గర గొట్టం, దాని మీద కట్టు. ఇంకో అబద్ధం నోటికి రాలేదు. బండి నడుపుతూనే అంతా చెప్పాను. పసుపు, పెట్టె, నువ్వు చించిన ఉత్తరం, నేను తుడిచిన పైపంచె, ఏదీ దాచలేదు. ముద్దనూరు వచ్చేసరికి చెప్పడం అయిపోయింది. ఆ చెట్టు దాటాము. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పులివెందుల పొలిమేర దాకా కిటికీలోంచి బయటికే చూసింది.

తొమ్మిదీ నలభైకి చేరాము. మంచం ఇచ్చారు. నర్సు గొట్టం కలిపి పోయిన తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు, వంగి వినాల్సి వచ్చింది.

"మీకు తెలుసు, అన్సరన్నకూ తెలుసు. ఒకరినొకరు నొప్పించకూడదని ఇద్దరూ ఊరుకున్నారు. ప్రాణం నాది గదండీ. నన్నొక్క మాట అడిగి ఉంటే, టెంకాయ వద్దని ఆ రోజే నేను చెప్పేదాన్ని" అంది.

ఆమె ఇప్పుడు నిద్రపోతోంది. మంచం పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె మాటకు నీ దగ్గర జవాబు ఉంటే నాకు వద్దు, ఆమె పేరిట రాయి.

దక్షిణామూర్తి